వాగుకు ఎర అక్కర్లేదు

మొయినాబాద్ మండలం రెండు పెద్ద నీళ్ళ నడుమ ఉంది. ఉత్తరాన అనంతగిరి గుట్టల నుంచి దిగివచ్చే మూసీ, దాని మీద ఉస్మాన్‌సాగర్. దాన్ని మేం ఇప్పటికీ గండిపేట అనే అంటాం. దక్షిణాన ఈసా వాగు, దాని మీద హిమాయత్‌సాగర్. ఎగువన చేవెళ్ళ చెరువులు, కుంటలు. ఈ నీళ్ళ గురించి వరద లెక్కలు, ఆనకట్ట లెక్కలు, కోర్టు తీర్పులు, జీవోలు ఎన్నో చదివాను. నేను ముదిరాజుల ఇంట్లో పుట్టి, హిమాయత్‌సాగర్ వెనక నీళ్ళ అంచున పెరిగి, సర్కారు బడిలో పంతులమ్మగా పనిచేసినదాన్ని. మా ఇంటి పొయ్యి మీద తయారై ఆ నీళ్ళలోకి పోయిన ఒక వస్తువు ఆ కాగితాల్లో ఎక్కడా కనబడలేదు. అది ఎర.

చేపలు పట్టడమంటే అందరికీ వల గుర్తుకొస్తుంది. వల, గాలం మా ఇంట్లో మగవాళ్ళవి. కుండ, బుట్ట ఆడవాళ్ళవి, పిల్లలవి. వలకు ఎర అక్కర్లేదు, బలం కావాలి. కుండకు బలం అక్కర్లేదు, ఎర కావాలి. ఏ నీళ్ళకు ఏ ఎర, ఏ కార్తెలో ఏ ఎర అన్న తెలివంతా మా అవ్వ చేతుల్లో ఉండేది. నాన్న అమ్మను మేం అవ్వ అంటాం. హిమాయత్‌సాగర్ నిండిన తొలి ఏళ్ళలో ఆమె ఆ ఊరికి కోడలిగా వచ్చింది. కట్ట పడకముందు వాగు ఎట్లా ఉండేదో ఆమెకు అత్తమామలు చెప్పారు, కట్ట పడ్డాక ఏమైందో ఆమె స్వయంగా చూసింది.

వాగు రోజుల్లో ఎర మాటే లేదు. మృగశిరలోనో ఆరుద్రలోనో మొదటి పెద్ద వాన పడి వాగు పారగానే చేప ఎదురెక్కుతుంది. గుడ్లు పెట్టడానికి పారే నీళ్ళకు ఎదురుగా, మడుగుల నుంచి పైకి, కాలువల్లోకి, మత్తడి దుంకే చెరువుల కిందికి, చివరికి వరి మళ్ళలోకి కూడా ఎక్కుతుంది. అప్పుడు మావులు పెట్టేవాళ్ళు. వెదురు బద్దలతో అల్లిన పొడుగాటి బుట్ట మావు. మూతి వెడల్పు, తోక సన్నం. మూతి లోపల పదునైన పుల్లలు లోపలివైపు వంగి ఉంటాయి. దూరేటప్పుడు చేపకు దారి ఇస్తాయి, తిరిగి రాబోతే అడ్డం పడతాయి. వాగుకు అడ్డంగా రాళ్ళు, తుమ్మకంప వేసి, ఒక్క సందు వదిలి, ఆ సందులో మావు పెడితే చాలు. తెల్లారేసరికి జెల్లలు, పరకలు, ఒక్కోసారి మోచేతి పొడుగు వాలుగ. చేప తిండి కోసం రాదు, తోవ కోసం వస్తుంది. దానికి ఆకలి చూపించి పిలవాల్సిన పని లేదు. అందుకే వాగుకు ఎర అక్కర్లేదని మా అవ్వ అనేది.

ఈ పద్ధతి మీద 1873లోనే ఒక ఆంగ్లేయుడు గట్టిగా అభ్యంతరం చెప్పాడు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే, భారతదేశంలోనూ బర్మాలోనూ ఉన్న మంచినీటి చేపల మీద ఆ ఏడాది ఒక పెద్ద నివేదిక ఇచ్చాడు. వానల్లో వాగులకు అడ్డంగా పెట్టే బుట్టలు, సన్నకన్ను వలలు చేపజాతిని తుడిచిపెడుతున్నాయని అతని వాదం. ఆ వాదన నుంచే తర్వాత 1897 నాటి చేపల చట్టం వచ్చింది. నేను అతనితో ఏకీభవిస్తాను. ఎదురెక్కే చేప కడుపుతో ఉంటుంది. దాన్ని పట్టినవాడు వచ్చే ఏటి చేపను కూడా ఈ ఏడే తింటున్నాడు. మా ఇంటి పద్ధతి కాబట్టి అది తప్పు కాదని అనలేను. కాకపోతే మావును ఆపింది చట్టం కాదు, కట్ట.

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. వేల ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, నగరానికి ఎగువన రెండు నదుల మీదా జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టాలని సూచించాడు. 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. 1927లో హిమాయత్‌సాగర్. మొదటిదాంట్లో 3.9 టీఎంసీలు పడతాయి, రెండోదాంట్లో 2.97. నగరానికి వరద తప్పింది, తాగునీళ్ళు దొరికాయి. మాకు మాత్రం వాగు పోయి సాగరం వచ్చింది. రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద కలిసి, నగరం దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో పడతాయి. అప్పటి నుంచి దిగువ మూసీలో చేప ఎంత ఎదురెక్కినా కట్ట దాకే. కట్టకు పైన మిగిలిన చేపకు మాత్రం ఎప్పుడూ చూడనంత లోతు, ఎప్పుడూ చూడనంత నిలకడ దొరికాయి.

నిలిచిన నీళ్ళలో మావు పెడితే ఏముంటుంది? పారకం లేదు, తోవ లేదు, చేప దానంతట అది దూరాల్సిన అవసరం లేదు. మా వైపు ఊళ్ళకు చెరువులు కొత్త కాదు. చేవెళ్ళ చుట్టుపక్కల పాత కుంటల్లో కుండ పెట్టి పరకలు పట్టడం అంతకుముందూ ఉంది. కానీ అది ఎండాకాలం పిల్లల పని. సాగరం నిండాక అది ఇల్లు గడిచే పని అయింది. అంచున మోకాలి లోతు నీళ్ళలో ఏడాది పొడుగునా కుండలు పెట్టేవాళ్ళు. కుండకు కావాల్సింది ఎర.

కుండ సంగతి వివరంగా చెప్పాలి. వెడల్పు మూతి ఉన్న మట్టి గురిగి తీసుకుంటారు. లోపల ఎర ముద్ద అడుక్కి అంటించి వత్తుతారు. మూతికి పాత చీర పేలిక బిగించి కడతారు. పేలిక నడుమ బొటనవేలు పట్టేంత రంధ్రం. దాన్ని నీళ్ళలో వాలుగా, మూతి గట్టువైపు కాకుండా లోతువైపు ఉండేట్టు పెట్టి, పక్కన రాయి ఆనిస్తారు. చేయి కడుక్కుని వెనక్కి వస్తారు. చుట్ట కాల్చిన చేత్తో ఎర ముద్ద ముట్టనిచ్చేది కాదు అవ్వ. కాసేపటికి రంధ్రం చుట్టూ పరకలు తిరుగుతాయి. ఒకటి దూరుతుంది. దాని వెనక మిగతావి. అరచేయి రంధ్రానికి మూసి ఒక్క ఊపున లేపాలి. నెమ్మదిగా లేపితే సగం బయటికి పోతాయి.

ఇక్కడే ఎర రహస్యమంతా ఉంది. ఎరకు రెండు పనులు. ఒకటి పిలవడం, రెండోది ఆపడం. పిలవడానికి వాసన కావాలి, ఆపడానికి గట్టితనం కావాలి. వాసన బాగా వదిలే ముద్ద త్వరగా కరుగుతుంది. గట్టిగా ఉండే ముద్ద వాసన వదలదు. అవ్వ చేసే ముద్దలో దంపుడు తవుడు ఒక వంతు, జొన్నపిండి అర వంతు, గానుగ చెక్క అర వంతు ఉండేవి. తవుడును పెంకు మీద ఎర్రగా వేయించేది. మాడితే పారబోసేది. మాడిన వాసనకు చేప దగ్గరికొచ్చి తిరిగిపోతుందనేది. జొన్నపిండిని వేడినీళ్ళతో గట్కలాగా ఉడికించి, అందులో వేయించిన తవుడు, పొడిచేసిన చెక్క వేసి, చెమ్మ ఆరేదాకా పిసికేది. పిసికాక ముద్దను నీళ్ళ గిన్నెలో వేసి చూసేది. వేయగానే మబ్బు లేస్తే ఇంకా జొన్నపిండి కలిపేది. ఏమీ కదలకపోతే ఇంకాస్త చెక్క. గీతలు గీతలుగా సన్నగా వదులుతుంటే, "ఇగ పో బిడ్డా, పెట్టుపో" అని నా చేతికిచ్చేది.

ఎర చేపను ఆపాలన్న మాట మా అవ్వ ఒక్కతే అనలేదు. ప్రపంచంలో బోను పెట్టి పట్టే పెద్ద వేటల్లో ఒకటి అమెరికా ఈశాన్య తీరంలో లాబ్‌స్టర్ వేట. మన దేశంలో లాబ్‌స్టర్లు ఎక్కువగా వలల్లోనే పడతాయి, అక్కడ మాత్రం దాదాపు అంతా బోనుల్లోనే. బోనులో రెండు గదులుంటాయి. ఎర వేలాడే గదిని వాళ్ళు వంటిల్లు అంటారు, తప్పించుకోబోయి దూరే రెండో గదిని ముందుగది అంటారు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు సముద్రం అడుగున బోనుకు కెమెరా కట్టి చూశారు. 2001లో అచ్చయిన వాళ్ళ పరిశీలన ప్రకారం, బోనులో దూరిన లాబ్‌స్టర్లలో చివరికి పట్టుబడినవి నూటికి ఆరే. మిగతావన్నీ బయటికి వెళ్ళిపోయాయి, చాలామటుకు వచ్చిన దారినే. అది చదివినప్పుడు నాకు కుండ చుట్టూ తిరిగిన పరకలు కళ్ళముందు కదిలాయి. దూరిన ప్రాణికి లేపే క్షణం దాకా లోపల పని ఉండాలి. అక్కడివాళ్ళు అందుకు ఉప్పు పట్టించిన హెర్రింగ్ చేప వాడతారు. ఉప్పు దాన్ని గట్టిపరుస్తుంది, వాసన మాత్రం చంపదు. 2019లో హెర్రింగ్ వేట మీద కోత పెట్టేసరికి వాళ్ళకు ఎర కరువొచ్చింది. మెన్‌హేడెన్ అనే మరో చేపతో, పందితోలుతో కూడా సర్దుకున్నారు. ఎర దొరకనప్పుడు సర్దుకోవడం మా ఇంట్లోనూ జరిగింది. కాకపోతే మాది వేరే కరువు.

కరెంటు వచ్చి, ఊరిపక్కన వడ్లమర వచ్చాక తవుడు మారింది. రోకటి తవుడు మెత్తన, నూనె జిగట. పాత హల్లర్ మరలో ఊక, తవుడు కలిసి వస్తాయి. ఎంత పిసికినా ముద్ద అతకదు, నీళ్ళలో వేయగానే ఊక పైకి తేలుతుంది. అవ్వ దాన్ని గుడ్డలో జల్లించి వాడేది, జొన్నపిండి పెంచేది. తర్వాత ఎద్దు గానుగ ఆగిపోయింది. గానుగలో తీసిన చెక్కలో పదోవంతుకు తగ్గకుండా నూనె మిగిలేది. ఎక్స్‌పెల్లర్ మరలో ఇంకా పిండేస్తారు. ద్రావకంతో నూనె లాగే మిల్లుల పిండిలో నూరింట ఒక వంతు మిగిలితే గొప్ప. మనుషులకు నూనె ఎక్కువ దొరికింది, చేపకు వాసన తగ్గింది. మా వైపు కుసుమలు పండేవి కాబట్టి కుసుమ చెక్క వాడేవాళ్ళం. దాని వాసన నీళ్ళలో చాలాసేపు ఉండేది. పల్లిచెక్క తియ్యగా ఉండి పరకలకు ఇష్టం, కానీ త్వరగా పులిసేది. వాన రోజుల్లో పులిసిన ఎర నష్టం కాదనీ, ఎండలో మాత్రం పనికిరాదనీ అవ్వ లెక్క. కలక నీళ్ళలో చేప కళ్ళతో వెతకదు, ముక్కుతో వెతుకుతుంది. అందుకని వానాకాలం ఘాటైన ఎర, చలికాలం తేట నీళ్ళలో తెల్లటి ఎర.

ఎండ్రికాయ విషయం వేరు. పరకకు పిండి కావాలి, ఎండ్రికాయకు మాంసం కావాలి. వరి మడి గట్టున దాని బొక్క ముందు కొత్తమట్టి గోళీలు పడి ఉంటే లోపల ఉన్నట్టు లెక్క. జొన్నదంటు కొనకు నత్త మాంసం దారంతో చుట్టి, బొక్కలో జానెడు లోపలికి పెట్టి, కదపకుండా పట్టుకోవాలి. ముందు మీసం తాకినట్టు సన్నటి వణుకు వస్తుంది. అప్పుడు లాగితే దంటు ఒట్టిగా వస్తుంది. తర్వాత ఒక డెక్క బిగుస్తుంది. అప్పుడూ లాగకూడదు. రెండో డెక్క కూడా బిగిసి దంటు లోపలికి గుంజుతున్నప్పుడు, వెలుతురు దాకా మెల్లగా తెచ్చి, పెంకు వెనక నుంచి వేళ్ళు వేసి పట్టుకోవాలి. అది తిండిని వదలదు, తిండి కోసం మనిషి దాకా వస్తుంది. నత్త తాజాగా ఉండాలి. కుళ్ళినదాన్ని ఎండ్రికాయ తింటుందని చాలామంది అంటారు, తింటుంది కూడా. కానీ తాజా మాంసం గట్టిగా ఉంటుంది, డెక్కకు పట్టు దొరుకుతుంది. కుళ్ళినది తునిగి చేతికొస్తుంది. ఇక్కడా అదే సూత్రం, పిలిచిన దానికన్నా ఆపిన ఎర మేలు.

సాగరంలో ఎండ్రికాయల బుట్టకు పాతకాలంలో మేక పేగు కట్టేవాళ్ళు. అది పండగకో పెళ్ళికో దొరికేది, మిగతా రోజుల్లో నత్త, కప్ప. ఆ తర్వాత మొయినాబాద్, చేవెళ్ళ చుట్టూ కోళ్ళఫారాలు లేచాయి. రోడ్డు పొడుగునా కోడికూర దుకాణాలు వచ్చాయి. కోడిపేగు అడిగినవాళ్ళకు ఊరికే ఇచ్చేవాళ్ళు. నత్తలు ఏరే పని పోయింది. పేగు సాగుతుంది, తునగదు, వాసన ఆగదు. ఎర చరిత్రలో ఇంత చవకైన, ఇంత బలమైన వస్తువు మా వైపు ఇంకొకటి రాలేదు. అయితే దాని వెనకే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వచ్చింది. 2000లో కేంద్రం నిషేధించినా దొంగచాటు గుంటల్లో దాన్ని కోడి వ్యర్థాలతోనే పెంచారు. గుంట పొర్లితే అది చెరువులో పడుతుంది, పడితే మా జెల్లలనూ మార్పు చేపలనూ మింగుతుంది. ఎర కోసం ఊరికే వచ్చిన పేగు, చేపలను తినే చేపకు మేత కావడం నాకు చాలా బాధ.

కొర్రమట్ట గురించి రెండు మాటలు చెప్పకపోతే మా నాయిన ఊరుకోడు. అది గాలి పీల్చే చేప, పైకి వస్తూనే ఉంటుంది. దానికి ఎర అడుగున కాదు, నీటి మీద. చిన్న కప్పను గాలానికి గుచ్చి గడ్డి అంచున ఆడిస్తే ఎగిరి పడుతుంది. పిల్లల్ని చూసుకునే కాలంలో దానికి ఆకలితో పని లేదు, దగ్గరికి ఏది వచ్చినా కరుస్తుంది. ఎర్రటి పిల్లల గుంపు నీళ్ళ మీద కనబడితే మా నాయిన గాలం చుట్టుకుని వేరే గట్టుకు పోయేవాడు. "పిల్లలుండంగ పట్టొద్దు" అనేవాడు, అంతకంటే వివరించేవాడు కాదు. 2016లో కొర్రమట్టను రాష్ట్ర చేపగా ప్రకటించారు. మృగశిర రోజున హైదరాబాద్‌లో బత్తిని వారు ఉబ్బసం మందు నోట్లో పెట్టి మింగించేది కూడా దాని పిల్లనే.

సాగరాల గట్ల మీద పట్నం షౌకీన్లు గాలాలతో కూర్చోవడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వాళ్ళ ఎర గోధుమపిండి, సోంపు, పల్లిచెక్క. రవ్వ, బొచ్చ కోసం. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో గాలం వేట మీద ఒక పుస్తకం రాశాడు, అందులో పిండి ముద్దల ముచ్చట ఉంది. ఫ్రాన్సిస్ డే నివేదికా అదే ఏడాది వచ్చింది. ఒకాయన బుట్టలు ఆపమన్నాడు, ఇంకొకాయన గాలానికి పిండి ఎట్లా కలపాలో చెప్పాడు. బుట్ట పెట్టేవాళ్ళు పేదవాళ్ళు, సరదాకు గాలం వేసేవాళ్ళు దొరలు. ఆ తేడా నేను మరిచిపోలేను.

1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి, రవ్వ జాతి చేపలతో చెరువులోనే గుడ్లు పెట్టించాడు. అప్పటి నుంచి చేపపిల్ల కోసం నదికి పోనక్కర్లేదు. ఆ మార్పు మా చెరువులకు మెల్లగా చేరింది. 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా పిల్లల్ని వదులుతోంది, సొసైటీలు పట్టుకుంటున్నాయి. బొచ్చ నీళ్ళలో తేలే సన్నజీవుల్ని వడగట్టి తింటుంది. అది కుండలోకి రాదు, పేగుకు రాదు. దానికి వలో, షౌకీన్ల గాలమో దారి. అందుకని ఎర ఇంట్లోంచి పోయింది, ఎరతోపాటు ఆడవాళ్ళు కూడా నీళ్ళ దగ్గరి నుంచి పోయారు. సొసైటీ సభ్యత్వం ఎక్కువగా మగవాళ్ళ పేరు మీదే ఉంది. చేపలు పెరిగాయని చెప్పే లెక్కలో ఈ నష్టం రాదు.

ఈ సాగరాల కోసం 1996లో వచ్చిన 111 జీవో మా 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలనూ ఫ్యాక్టరీలనూ ఆపింది. భూమి ధర పెరగలేదని చాలామంది తిట్టుకున్నారు, వాళ్ళ కష్టం నాకు తెలుసు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. నా మటుకు నాకు ఆ జీవో ఉన్న పాతికేళ్ళు గట్టున నత్తలు దొరికిన పాతికేళ్ళు.

ఇప్పుడు పిల్లలు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, తిరగేసి లోపలికి గుచ్చి, అడుగున రాయి వేసి పరకలు పడుతున్నారు. అవ్వ గురిగికీ మావుకూ పుట్టిన బిడ్డ ఆ సీసా. ఎరగా బ్రెడ్డు వేస్తున్నారు. బ్రెడ్డు పిలుస్తుంది కానీ ఆపదు, ఊపిరి తీసుకునేలోపల కరిగిపోతుంది. అడిగినవాళ్ళకు నేను చెప్పేది ఇదీ: తవుడు జల్లించండి, వేయించండి, జొన్నపిండి ఉడికించి కలపండి. చెక్క కోసం, ఈమధ్య మళ్ళీ వచ్చిన చెక్కగానుగ నూనె కొట్లలో అడగండి. నూనె ఖరీదే కానీ చెక్క చవకగా ఇస్తారు, దాంట్లో నూనె మిగిలే ఉంటుంది. ముద్దను ముందు గిన్నె నీళ్ళలో వేసి చూడండి. గీతలు గీతలుగా వదిలితే సీసాలో పెట్టండి, మబ్బులా లేస్తే ఇంకొంచెం జొన్నపిండి.